చదువునకును ఆటకును నడుమ ఒక ఆచార్యుడు

గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షల ఫలితములు వెలువడిన వారమున ఒక తండ్రిగారు మాయొద్దకు వచ్చిరి. వారి కుమారుడు మన పాఠశాల బాస్కెట్‌బాల్ జట్టులో నాడుచుండును, త్రికోణమితిలో వెనుకబడియుండెను. “అయ్యా, వీనిని సాయంకాలపు ఆటనుండి తప్పింపుడు. బంతి ఎగురవేసినంతమాత్రమున అన్నము పుట్టునా?” అని వారడిగిరి. అది కోపముతో నన్న మాట కాదు. బిడ్డ భవిష్యత్తును గూర్చిన దిగులుతో నన్న మాట. మేమప్పుడు దేహారోగ్యము కూడ ముఖ్యమే గదా యని అందరును చెప్పెడి మాటయే చెప్పి పంపితిమి. వారికి తృప్తి కలుగలేదు. నిజము చెప్పవలెనన్న మాకును కలుగలేదు. ఆటను చదువునకు నడుమ విశ్రాంతిగా మాత్రమే సమర్థించినచో, పరీక్షలు దగ్గరపడినప్పుడు ఆ విశ్రాంతిని తగ్గించుటయే న్యాయమని యెవరైనను అనగలరు.

ఈ ప్రశ్నను మనకంటె ముందు తమ జీవితమంతయు మోసినవారొకరు కలరు. ఆ బాలుడాడుచున్న ఆటను కల్పించినవారును వారే. వారు డాక్టరు జేమ్స్ నేస్మిత్ గారు. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున 1898 మొదలు 1937 వరకు, అనగా దాదాపు 40 సంవత్సరములు, వారు వ్యాయామవిద్యను బోధించిరి. బాస్కెట్‌బాల్ పేరు తెలిసినవారిలో వారొక ఆచార్యులని తెలిసినవారు తక్కువ.

నేస్మిత్ గారు 1861వ సంవత్సరము నవంబరు 6వ తేదీన కెనడా దేశములోని ఆల్మాంట్ అను ఊరి దాపున జన్మించిరి. తొమ్మిదవ యేటనే తల్లిదండ్రులిరువురును టైఫాయిడు జ్వరముచే పోగా మేనమామ యింట పెరిగిరి. నడుమ బడి మానివేసి అడవులలో కలప కొట్టు పనికి పోయి, కొన్నేండ్లకు మరల బడికి వచ్చి చిన్నపిల్లల నడుమ కూర్చుండి చదివిరి. పిమ్మట మాంట్రియల్ నగరములోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. అచ్చట వారు పుస్తకమును విడువని విద్యార్థి. ఒక సాయంకాలము ఇరువురు తోడి విద్యార్థులు వారి గదికి వచ్చి, నీవిట్లు చదువుచుండిన చెడిపోవుదువు, వ్యాయామశాలకు రమ్మని మందలించిరట. మన తండ్రిగారి ఫిర్యాదునకు ఇది సరిగా తలక్రిందైన ఫిర్యాదు!

వారు పోయిరి, పోయి, రగ్బీ ఫుట్‌బాల్ ఆటలో చేరిరి. అప్పుడు వారు మతబోధకుడగుటకై చదువుచుండిరి. ఆ చదువు చదువువాడు ఫుట్‌బాల్ ఆడుట అప్పటి పెద్దలకు రుచింపలేదు. కన్ను కమిలిన మొగముతో ఒక ఆదివారము ప్రసంగవేదిక నెక్కిరని కూడ చెప్పుదురు. ఒకనాటి ఆటలో వీరి ప్రక్కనున్న ఆటగాడు కోపము పట్టలేక బూతుమాట యాడి, వెంటనే వీరిని చూచి, నీవున్నావని మరచితిని, క్షమింపుమనెనట. నేస్మిత్ గారు ఆ చిన్న సంగతిని మరువలేదు. తానేమియు అనకుండగనే, ఆటలో ప్రక్కనుండుట చేతనే ఒక మనుష్యుడు తన నాలుకను అదుపులో పెట్టుకొన్నాడే, తరగతిలో చేయలేని పని ఆటస్థలమున చేయవచ్చును గదా యని వారు ఆలోచించిరి. మతబోధక విద్యను 1890లో ముగించినను ఆ వృత్తిని చేపట్టక, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమున వై.యం.సి.ఏ. వారు నడపుచుండిన శిక్షణ పాఠశాలకు పోయిరి.

అచ్చట జరిగిన కథ ప్రసిద్ధమే గాని దాని లోపలి తర్కము అంత ప్రసిద్ధము కాదు. 1891వ సంవత్సరపు శీతకాలము. బయట మంచు, లోపల 18 మంది పెద్ద విద్యార్థులు. కసరత్తులన్నను కవాతులన్నను వారికి విసుగు. ఇద్దరు ఉపాధ్యాయులు ఆ తరగతితో వేగలేక విడిచిరి. పై అధికారి డాక్టరు లూథర్ గ్యులిక్ గారు, గదిలో ఆడదగిన క్రొత్త ఆటనొకదానిని 14 దినములలో కనిపెట్టుమని నేస్మిత్ గారిని ఆజ్ఞాపించిరి. ఫుట్‌బాల్, లక్రాస్ మున్నగు వాటిని లోపల నాడించి చూడగా గోడలకు తగిలి దెబ్బలే మిగిలినవి. గడువు తీరుచుండగా వారు క్రొత్తదేదియో తోచునని యెదురుచూచుట మాని, ఉన్న ఆటలను శరీరశాస్త్రజ్ఞుడు రోగిని పరీక్షించునట్లు పరీక్షింప మొదలిడిరి.

ఆటలలో దెబ్బలేల తగులుచున్నవి? ఒకరినొకరు పట్టి పడవేయుటచేత. ఏల పడవేయుదురు? బంతిని పట్టుకొని పరుగెత్తువానిని ఆపుటకు వేరుమార్గము లేదు గనుక. అట్లయిన బంతితో పరుగెత్తుటనే నిషేధించిన, పడవేయవలసిన అవసరమే పోవును. ఇది మొదటి మెట్టు. రెండవది గమ్యమును గూర్చినది. ఫుట్‌బాల్‌లో వలె గమ్యము నిలువుగా నున్నచో ఎంత బలముగా కొట్టిన అంత లాభము. గదిలో అది ప్రమాదము. వారికి చిన్ననాటి ఆట యొకటి జ్ఞప్తికి వచ్చెను. పెద్ద బండపై నొక రాతిని నిలిపి దూరమునుండి వేరొక రాతితో పడగొట్టుట. బలముగా విసరినవాని రాయి తప్పినచో దూరముగా పోయి పడును. దానిని తెచ్చుకొనులోపల వాడు పట్టుబడును. మెల్లగా, విల్లువలె వంపుగా వేసినవానికే జయము. అందుచేత గమ్యమును తలలపైకెత్తి నోరు ఆకాశమువైపునకు త్రిప్పినచో, బంతి పైకి లేచి క్రిందికి దిగవలసినదే గనుక, మొరటుబలమునకు పని తగ్గి నేర్పునకు పని పెరుగును.

18 అంగుళముల చదరపు పెట్టెలు రెండు కావలెనని వారు కట్టడపు బంట్రోతు నడిగిరి. పెట్టెలు లేవు, పీచ్ పండ్ల బుట్టలున్నవని అతడు తెచ్చియిచ్చెను. వ్యాయామశాల చుట్టును పైనున్న వసారా అంచునకు వానిని మేకులతో కొట్టిరి. ఆ వసారా ఎత్తు 10 అడుగులు. నేటికిని ప్రపంచమంతట కడియము ఆ యెత్తుననే యున్నది. కారణము మరేమియు కాదు, స్ప్రింగ్‌ఫీల్డులో వసారా అంత యెత్తున నుండుటయే! 13 నియమములు వ్రాసి గోడకంటించి, ప్రక్కకు తొమ్మండుగురు చొప్పున, డిసెంబరు 21వ తేదీన మొదటి ఆట ఆడించిరి. ఆ దినమున బుట్టలో పడినది ఒక్క బంతియే.

ఇప్పుడు మనవారు కినీసియాలజీ యను మాటను వినుచున్నారు. గ్రీకు భాషలో చలనమను అర్థముగల శబ్దమునుండి అది పుట్టినది, మనము చలనశాస్త్రమనవచ్చును. మనుష్యుడు నడచుట, పరుగెత్తుట, దుముకుట, విసరుట మున్నగు చలనములలో ఎముకలు మీటలవలె ఎట్లు పనిచేయునో, కండరములు ఏ వరుసలో బిగియునో, గుండెయు ఊపిరితిత్తులును వానికి ఎట్లు తోడ్పడునో, మెదడు వానినన్నిటిని ఎట్లు నడపునో తెలుపు విద్య అది. అమెరికా విశ్వవిద్యాలయములలో వ్యాయామవిద్యా శాఖలు పెక్కు ఈ పేరును ధరించుట 1990వ సంవత్సర ప్రాంతమునుండి విరివియైనది. నేస్మిత్ గారి కాలమున వారి శాఖ పేరు వ్యాయామవిద్యయే. కాని పైన చెప్పిన తర్కమును చూచినచో పేరు రాకముందే పని నడచినదని తెలియగలదు. దేహములు ఎట్లు కదలునో, ఏ నియమము పెట్టిన ఎట్లు కదలుట మానునో ఆలోచించి కట్టిన ఆట అది.

మన బాలుని త్రికోణమితికి ఇచ్చటనే వత్తము. కడియము వ్యాసము 18 అంగుళములు. బంతి వ్యాసము సుమారు 9.4 అంగుళములు. పైనుండి నిట్టనిలువుగా దిగు బంతికి కడియము పూర్తి 18 అంగుళముల ద్వారముగా కనబడును. 45 డిగ్రీల వాలుగా వచ్చు బంతికి ఆ ద్వారము 18ని 45 డిగ్రీల సైనుతో గుణించినంత, అనగా దాదాపు 12.7 అంగుళములు. 30 డిగ్రీల వాలుగా వచ్చు బంతికో? సైను 30 సగము గనుక 9 అంగుళములు మాత్రమే. 9.4 అంగుళముల బంతి 9 అంగుళముల ద్వారమున అంచు తగులకుండ దూరజాలదు. బంతిని చదునుగా విసరకుము, వంపు తెప్పింపుమని మన డ్రిల్లు మాస్టరుగారు మైదానమున కేకలు వేయునదియు, ఉదయమున గణితపు మాస్టరుగారు నల్లబల్లపై వ్రాసినదియు ఒక్కటే. ఒకరి మాటను మరియొకరు వినలేదు. పాపము, బాలుడు రెండును వేరని తలంచినాడు.

ఇంతకు వంపు తెప్పించుట ఎట్లు? చేతిబలముతో మాత్రము కాదు. మోకాళ్లు వంగి, తొడల పెద్ద కండరములు మొదట పనిచేసి, ఆ వేగము నడుమునకును భుజమునకును మోచేతికిని వరుసగా ప్రాకి తుదకు మణికట్టు చేరవలెను. ఈ వరుస తప్పిన బాలుడు భుజముతో తోసి అలసిపోవును. అలసినవాని బంతి చదునగును. చదునైన బంతి కడియము ముందంచునకు తగిలి తిరిగి వచ్చును. ఆట చివరి నిమిషములలో మన జట్టు ఏల తప్పులు వేయుచున్నదో చూడగోరువారు చేతులను గాక మోకాళ్లను చూడవలెను.

నేస్మిత్ గారు స్ప్రింగ్‌ఫీల్డు విడిచి డెన్వరు నగరమునకు పోయి, ఉద్యోగము చేయుచునే వైద్యవిద్య నభ్యసించి 1898లో వైద్యపట్టమును పొందిరి. ఆ సంవత్సరమే కాన్సాస్ విశ్వవిద్యాలయమువారికి, ప్రార్థనలు నడపుటకును వ్యాయామము నేర్పుటకును ఒక్కరే కావలసివచ్చిరి. స్ప్రింగ్‌ఫీల్డులో వారితో ఆడిన ఆమస్ అలాంజో స్టాగ్ గారు వీరి పేరును తంతిద్వారా సిఫారసు చేసిరి. అందు ఆట కల్పించినవాడు, వైద్యుడు, బోధకుడు, మద్యమును ధూమపానమును ముట్టనివాడు అను గుణములన్నియు వరుసగా పేర్కొనబడినవి. ఒకే మనిషిలో ఇన్ని పనులు కుదిరిన తరువాత జీతమును రెండింతలిచ్చిరా యని మాకు సందేహము, ఇచ్చినట్లు కనబడదు.

లారెన్సు పట్టణములోని ఆ విశ్వవిద్యాలయమున తగిన వ్యాయామశాలయైనను లేదు. కప్పు తక్కువ యెత్తుననున్న నేలమాళిగలో బాస్కెట్‌బాల్ ఆడించిరి. 1899 ఫిబ్రవరిలో ఆడిన మొదటి బయటి పోటీలో, ఆటను కల్పించినవారి జట్టు 16–5 లెక్కన ఓడిపోయెను. వారు జట్టును నడపిన తొమ్మిది సంవత్సరములలో గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ శిక్షకులలో గెలుపులకంటె ఓటములు ఎక్కువగల వారు వీరొక్కరేయని లోకము నేటికిని నవ్వుచు చెప్పుకొనును. వీరు తరచు తమ జట్టు ఆటలకు తామే న్యాయనిర్ణేతగా నిలిచెడివారు. తమవారు తప్పుచేసినను ఈల ఊదెడివారనుటలో సందేహము లేదు. గెలుపు ఎట్లు వచ్చును?

వారి మనస్సంతయు గెలుపుపై లేకపోవుటయే కారణము. ఆటకు శిక్షకుడు అక్కరలేదు, ఆడినచో వచ్చుననుట వారి మతము. వారి శిష్యుడు ఫాగ్ ఆలెన్ తనను వేరొక కళాశాలవారు బాస్కెట్‌బాల్ శిక్షకునిగా పిలుచుచున్నారని చెప్పినపుడు వారు నవ్విరట. ఆ శిష్యుడే 1907లో గురువుగారి స్థానమున కాన్సాస్ జట్టును చేపట్టి, నడుమ కొంతకాలము విడిచి, 1919 మొదలు 1956 వరకు నడపి మహాశిక్షకుడని పేరుపొందెను. ఈ వివాదమున మేము పూర్తిగా గురువుగారి పక్షమున లేము. మంచి శిక్షకుడు లేని బాలుడు తప్పు అలవాట్లనే నేర్చుకొనుటను మేము చూచియున్నాము. కాని గురువుగారు అడిగిన ప్రశ్న వేరు. విశ్వవిద్యాలయమున వేలకొలది విద్యార్థులుండగా, పదిమంది బాగుగ నాడుటకు సర్వశక్తులు వినియోగింపబడి తక్కినవారు మెట్లపై కూర్చుండి కేకలు వేయుట విద్యయగునా? అందుచేతనే వారు జట్టును విడిచి, 1909 నుండి ముఖ్యముగా ఆచార్యత్వమునందే నిలిచి, విద్యార్థుల దేహములను వైద్యునివలె పరీక్షించుచు, శరీరధర్మములను బోధించుచు, కుస్తీ, కత్తిసాము మున్నగువానిని నేర్పుచు కాలము గడపిరి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున మాత్రము ఫ్రాన్సుకు పోయి సైనికుల నడుమ పనిచేసి 1919లో తిరిగి వచ్చిరి.

ఆ ఆచార్యత్వము ఎంతవరకు ఫలించినదో, ఎచ్చట ఫలింపలేదో తెలుపు ఉదంతమొకటి కలదు. 1933లో జాన్ మక్లెండన్ అను నల్లజాతి యువకుడు వ్యాయామవిద్య చదువుటకు కాన్సాసుకు వచ్చెను. అతని తండ్రి, అచ్చట నేస్మిత్ గారున్నారు, వారినే గురువుగా నాశ్రయింపుమని చెప్పి పంపెను. అతడు తిన్నగా వారి గదికి పోయి, మీరు నాకు సలహాదారులు కావలెననెను. ఎవరు చెప్పిరని వారడుగగా, మా తండ్రి చెప్పెననెను. తండ్రుల మాట యెప్పుడును నిజమేయని వారు ఒప్పుకొనిరట.

ఆ కాలమున ఆ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టులో నల్లజాతివారికి చోటు లేదు. ఆ ఆటను పుట్టించినవారి శిష్యుడైనను, వారి కన్నులయెదుటనే, మక్లెండన్ ఆ జట్టులో ఆడలేకపోయెను. నేస్మిత్ గారు ఆ తలుపు తెరపింపలేకపోయిరి. ఆ జట్టులో నల్లజాతి ఆటగాడు ప్రవేశించుటకు 1950 తరువాతి సంవత్సరములవరకు ఆగవలసివచ్చెను. కాని తరగతి తలుపు వారి చేతిలో నుండెను. పట్టమునకు ఈత నేర్చుట అవసరము. నల్లజాతివారిని మాత్రము కొలనిలో దిగనీయక, ఈదకయే ఉత్తీర్ణులైనట్లు వ్రాయుట ఆచారము. మక్లెండన్ దిగి ఈదెను. అతడు వెడలిన పిమ్మట కొలనిలోని నీటినంతయు తీయించివేసిరి. అతడు వెనుదీయలేదు; గురువుగారును వెనుదీయలేదు. తుదకు కొలను అందరికిని తెరువబడెను. మక్లెండన్ 1936లో పట్టభద్రుడయ్యెను. ఆ విశ్వవిద్యాలయమున వ్యాయామవిద్యలో పట్టము పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి యతడే.

ఆటలో చోటు దొరకనివాడు ఆటశాస్త్రమును చదివెను. ఆ శాస్త్రముతో ఆటనే మార్చెను. అప్పటివరకు బాస్కెట్‌బాల్ మెల్లగా, ఆగియాగి యాడబడుచుండెను. మక్లెండన్ గారు తమ శిష్యుల గుండెను ఊపిరిని దీర్ఘమైన పరుగులతో గట్టిచేసి, ఆట ఆద్యంతము వేగముగా దాడిచేయుట నేర్పిరి. 1944 మార్చి 12వ తేదీ ఆదివారమున, నార్త్ కెరొలైనాలోని డర్హామ్ పట్టణమున, తెల్లవారును నల్లవారును కలసి ఆడుట నిషిద్ధమైయుండగా, పట్టణమంతయు ప్రార్థనలోనున్న వేళ, తలుపులు బిగించి, డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యవిద్యార్థుల తెల్లజట్టుతో వారి జట్టు రహస్యముగా ఆడి 88–44 లెక్కన గెలిచెను. వారు 1957, 1958, 1959 సంవత్సరములలో టెన్నెసీ రాష్ట్ర కళాశాల జట్టుచే వరుసగా మూడు జాతీయ విజయములు సాధింపించిరి. జట్టును గెలిపింపలేని ఆచార్యులని పేరుపడినవారి తరగతిగదిలోనుండి ఈ విజయములు వచ్చినవి.

1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో బాస్కెట్‌బాల్ మొదటిసారి పోటీగా చేర్చబడెను. వృద్ధ ఆచార్యుని అచ్చటికి పంపుటకు అమెరికాలోని శిక్షకులును ప్రేక్షకులును చందాలు పోగుచేసిరి. తుది ఆట ఆరుబయట మట్టినేలపై, వానలో జరిగెను. బురదలో బంతి నేలనుండి పైకి లేవదాయెను. వారు పుట్టిన కెనడా యొకప్రక్క, వారు పౌరుడైన అమెరికా మరియొకప్రక్క. అమెరికా 19–8 లెక్కన గెలిచెను. మరుసటి సంవత్సరము వారు పదవి విరమించిరి. 1939 నవంబరు 28వ తేదీన లారెన్సులోనే కన్నుమూసిరి.

వారి విద్య మన దేశమునకు వచ్చిన దారి యిది. ఆ స్ప్రింగ్‌ఫీల్డు పాఠశాలలోనే తరిఫీదు పొందిన హెచ్. సి. బక్ గారు 1920లో మదరాసు నగరమున వై.యం.సి.ఏ. వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించిరి. వారే 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు పోయిన భారత జట్టునకు నిర్వాహకులు. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు మదరాసు రాజధానిలో చేరియుండెను గనుక, మన పాఠశాలల డ్రిల్లు మాస్టర్లకు ఆ కళాశాల చేరువయైనది. ఆటలను ఎట్లు ఆడింపవలెనో మాత్రమే గాక, ఎముకల పేర్లును, గాయమునకు కట్టుకట్టుటయు అచ్చట పాఠములే. డ్రిల్లు మాస్టరనిన ఈల ఊదువాడని తలంచు వారికి ఇది క్రొత్తగా నుండవచ్చును.

కాన్సాసులో నేడు ఫాగ్ ఆలెన్ గారి పేర వేలాది ప్రేక్షకులు పట్టు గొప్ప క్రీడాభవనము కలదు, 1955లో తెరువబడినది. అందలి ఆటనేలకు గురువుగారి పేరు పెట్టిరి. నాడు గోడకంటించిన 13 నియమముల కాగితములను 2010లో ఒకరు 43 లక్షల డాలర్లకు పైగా ధర యిచ్చి వేలములో కొని విశ్వవిద్యాలయమునకు చేర్చిరి. ఆ భవనము ప్రక్కనే వానిని దర్శనమున కుంచిరి. పదిమంది ఆట చూచుటకు వేలమంది కూర్చుండుటను గూర్చి వారేమందురో మనము ఊహింపవచ్చును.

ఆ తండ్రిగారి కుమారుడు ఆట మానలేదు, మేమును మానుమనలేదు. ఈ సంవత్సరము గణితపు మాస్టరుగారిని వారానికొకసారి సాయంకాలము మైదానమునకు రమ్మని కోరగా వారు సంతోషముతో నంగీకరించిరి. మొదటి దినమున వారు నీడ పొడవును బట్టి కంబము ఎత్తును బాలురచే కట్టించిరి. పిమ్మట నిచ్చెన వేసి టేపుతో కొలిచితిమి. కడియము 10 అడుగులకు రెండంగుళములు తక్కువగా నున్నది. ఇన్నేండ్లుగా మన జట్టు తక్కువ యెత్తునకు అలవాటుపడి, బయటి ఊళ్లలో కడియము ముందంచునకు బంతి తగిలించుచు వచ్చుటకు ఇదియు నొక కారణము కావచ్చునని డ్రిల్లు మాస్టరుగారు అనిరి. వేసవి సెలవులలో కంబమును సరిచేయింపవలసియున్నది.